తలకు కుదిరితేనే చెవికి నిజం

మే నెలలో ఇంట్లో కూర్చుని వాయిస్ రికార్డ్ చేసేవాళ్లు ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపేస్తారు. తర్వాత ఏసీ కూడా. రెండింటి హోరూ మైక్‌లో పడుతుంది కాబట్టి తప్పదు. పది నిమిషాలకు గదిలో ఉక్కపోత మొదలవుతుంది. చెవుల చుట్టూ రెక్సిన్ ప్యాడ్లు చెమటకు అతుక్కుంటాయి. ఇంకాసేపటికి చెయ్యి దానంతటదే లేచి హెడ్‌ఫోన్‌ను ఒక చెవి మీంచి వెనక్కి నెడుతుంది. ప్రాణం హాయిగానే ఉంటుంది గానీ రికార్డింగ్ అక్కడే చెడుతుంది. తెరుచుకున్న ఆ కప్పులోంచి మ్యూజిక్, తాళం కోసం పెట్టుకున్న క్లిక్ టక్‌టక్‌మంటూ నేరుగా మైక్‌లోకి దూరిపోతాయి. ఒకసారి గొంతుతో కలిసిపోయాక ఆ చప్పుడును విడదీయడం మహా కష్టం.

హెడ్‌ఫోన్లను పరీక్షించేవాళ్లు సౌండ్‌కు ఇన్ని మార్కులు, సౌకర్యానికి ఇన్ని మార్కులు అని విడివిడిగా వేస్తుంటారు. స్టూడియోల్లో వాడే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్లకు ఆ పద్ధతి కుదరదు. వాటి సౌండ్ లోపలున్న డ్రైవర్ మీద ఎంత ఆధారపడుతుందో, ప్యాడ్‌కూ చర్మానికీ మధ్య మిగిలిన సందు మీద కూడా అంతే ఆధారపడుతుంది. తల మీద సరిగా కూర్చోని హెడ్‌ఫోన్‌కు సౌండ్ పరీక్ష పెట్టినా లాభం లేదు. వినిపించేది దాని అసలు సౌండ్ కాదు.

వెనక ఎందుకు మూస్తారు?

ఇయర్ కప్పులో ఉండే డ్రైవర్ ఒక బుల్లి స్పీకర్. దాని పల్చటి పొర కదిలినప్పుడల్లా రెండు వైపులా శబ్దం పుడుతుంది. ముందు పుట్టింది చెవిలోకి వెళ్తుంది. వెనక పుట్టినదాన్ని ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. ఓపెన్ బ్యాక్ రకంలో కప్పు వెనక జాలీ పెట్టి దాన్ని బయటికి వదిలేస్తారు. 1968లో సెన్‌హైజర్ తెచ్చిన హెచ్‌డీ 414తో ఈ దారి తెరుచుకుంది. ఇందులో పాట విశాలంగా, తేలిగ్గా వినిపిస్తుంది. కాకపోతే పక్కన కూర్చున్నవాళ్లకూ వినిపిస్తుంది. ఎదురుగా మైక్ ఉంటే దానికీ వినిపిస్తుంది.

అందుకే గాయకులు, డబ్బింగ్ ఆర్టిస్టులు, డ్రమ్మర్లు, రేడియో అనౌన్సర్లు వెనక మూసి ఉన్నవే పెట్టుకుంటారు. డబ్బింగ్ థియేటర్లో ఆర్టిస్టు చెవిలో షూటింగప్పటి పైలట్ ట్రాక్ నడుస్తుంటుంది. అది వింటూ, తెర మీద పెదవుల కదలిక చూస్తూ డైలాగ్ చెప్పాలి. గుసగుసను కూడా వదలని కండెన్సర్ మైక్ మొహం ముందే ఉంటుంది. పైలట్ ట్రాక్ అందులో పడిందా, ఆ టేకు పోయినట్టే. డ్రమ్మర్ బాధ దీనికి తిరగబడి ఉంటుంది. తన వాయిద్యం మోతే లోపలికొచ్చి పాటను మింగేయకుండా చూసుకోవాలి.

మూసినందుకు మూల్యం కూడా ఉంది. వెనక పుట్టిన శబ్దం కప్పు గోడకు తగిలి తిరిగొచ్చి అసలు శబ్దంతో కలుస్తుంది. కొన్ని స్వరాలు ఉబ్బుతాయి, కొన్ని అణిగిపోతాయి. గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు అనిపించేది ఇందుకే. దీన్ని అదుపు చేయడానికి తయారీదారులు కప్పు లోపల ఫోమ్, ఫెల్ట్ ముక్కలు అమరుస్తారు. సన్నటి గాలి రంధ్రాలూ వదులుతారు. జర్మనీకి చెందిన బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో బేస్ కోసమే అలాంటి ఏర్పాటు ఉంటుంది. క్లోజ్డ్ బ్యాక్ అన్నంత మాత్రాన గాలి చొరనంతగా మూసేశారని కాదు.

ముగ్గురు పాతకాపులు

ఈ రంగంలో మోడళ్లు ఏటా వస్తుంటాయి, పోతుంటాయి. మూడు మాత్రం ఏళ్ల తరబడి పాతుకుపోయి ఉన్నాయి. మొదటిది సోనీ ఎండీఆర్ 7506. 1991 నుంచి పెద్దగా మార్పుల్లేకుండా అమ్ముడవుతోంది. 40 మిల్లీమీటర్ల డ్రైవర్, తీగ కాకుండా 230 గ్రాముల బరువు, మడత పెట్టే ఫ్రేము, లాగితే సాగే స్ప్రింగు తీగ. అమెరికా రేడియో స్టేషన్లలో, సినిమా షూటింగుల్లో సౌండ్ రికార్డిస్టుల తలల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. రెండోది డీటీ 770 ప్రో. 1980ల నుంచి నడుస్తున్న వంశం. బూడిదరంగు వెల్వెట్ లాంటి మెత్తటి ప్యాడ్లు దీని గుర్తు. మూడోది జపాన్ కంపెనీ ఆడియో టెక్నికా తెచ్చిన ఏటీహెచ్ ఎం50ఎక్స్. 2007లో వచ్చిన ఎం50కి 2014లో తీగ ఊడదీసి మార్చుకునే వీలు కల్పించి ఈ పేరు పెట్టారు.

ముగ్గురి స్వభావాలూ వేర్వేరు. సోనీలో పైస్థాయి స్వరాలు ముందుకొస్తాయి. అనౌన్సర్ పెదవుల తడి చప్పుడు, ఎడిటింగ్‌లో సరిగా అతకని చోట వచ్చే చిన్న టిక్కు, ‘ప’ పలికినప్పుడు మైక్‌ను కొట్టే గాలి, అన్నీ దొరికిపోతాయి. బియ్యంలో రాళ్లేరడానికి చేట ఎలాగో, దోషాలు పట్టడానికి ఇది అలాగ. సాయంత్రం తీరిగ్గా పాటలు వినాలనుకునేవాళ్లకు అదే గుణం తలనొప్పి కావచ్చు. డీటీ 770లో లోతైన బేస్ బాగా పలుకుతుంది, దాంతోపాటు పైన ట్రెబుల్‌లో పదును కూడా ఉంటుంది. ‘స’, ‘ష’ అక్షరాలు కొందరికి గుచ్చుకుంటాయి. ఎం50ఎక్స్‌లో బేస్ కాస్త దిట్టం. బీట్ కట్టేవాళ్లకు ఉత్సాహంగా ఉంటుంది. అదే నమ్ముకుని మిక్స్ చేస్తే బేస్ సరిపోయిందనుకుని తగ్గించేసే ప్రమాదం ఉంది.

అంటే మంచి స్టూడియో హెడ్‌ఫోన్ ఏదని అడిగే ముందు ఏ పనికి అని అడగాలి.

డబ్బా మీది అంకెలు

దుకాణంలో కొనేవాళ్ల కళ్లు ముందు పడేది ఫ్రీక్వెన్సీ రేంజ్ మీద. డీటీ 770 ప్రోకు 5 నుంచి 35,000 హెర్ట్జ్, ఎం50ఎక్స్‌కు 15 నుంచి 28,000, సోనీకి 10 నుంచి 20,000 అని కంపెనీలు చెబుతాయి. అంకెలు చూస్తే సోనీ వెనకబడినట్టే. నిజానికి మనిషి చెవి వినగలిగేదే దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. వయసు పెరిగేకొద్దీ పై హద్దు దిగుతూ వస్తుంది. పైగా ఆ పరిధిలో ఏ స్వరం ఎంత హెచ్చుతగ్గుగా పలుకుతుందో ఈ అంకెలు చెప్పవు. హెడ్‌ఫోన్ గుణం తెలిసేది ఆ హెచ్చుతగ్గుల్లోనే.

ధర కూడా నమ్మదగ్గ కొలత కాదు. జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని, వాటి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ ధరకూ సంబంధం ఉందేమో వెతికారు. 2017లో అచ్చయిన ఆ పరిశోధనలో సంబంధం కనిపించలేదు. ఎక్కువ డబ్బుకు మంచి తోలు, గట్టి ఫ్రేము, అందమైన పెట్టె రావచ్చు. స్వరాల సమతూకం వస్తుందన్న హామీ లేదు.

ఇంపీడెన్స్ అంకె మాత్రం చూడాల్సిందే. డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో దొరికేది. ఒకే పేరుంది కదా అని 250 ఓమ్‌ల రకాన్ని ఫోనుకు తగిలిస్తే సౌండ్ చాలడం లేదనిపిస్తుంది. ఒక మిల్లీవాట్ పవర్ అందాలంటే 32 ఓమ్‌లకు 0.18 వోల్టు చాలు. 250 ఓమ్‌లకు అర వోల్టు కావాలి. స్టూడియోలో ఆంప్లిఫయర్‌కో మంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కో తగిలించేవాళ్లకు అది సమస్య కాదు. ఫోను, ల్యాప్‌టాప్‌లతో పని చేసేవాళ్లకు తక్కువ ఓమ్‌లవే మేలు.

బాగుంది అంటే ఏమిటి?

సౌండ్ బాగుందనేది ఎవరి ఇష్టం వాళ్లదే అని కొట్టిపారేయడానికి లేదు. అమెరికాలోని హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ తదితరులు 2012 ప్రాంతం నుంచి దీని మీద వరుసగా పరీక్షలు చేశారు. వాళ్లకు మొదట ఎదురైన చిక్కు, హెడ్‌ఫోన్ తల మీద పెట్టగానే బరువును బట్టి, ప్యాడ్ స్పర్శను బట్టి అది ఏ కంపెనీదో తెలిసిపోవడం. పేరు తెలిస్తే అభిప్రాయం మారిపోతుంది. దానికి విరుగుడుగా ఒకే హెడ్‌ఫోన్‌ను అందరికీ పెట్టి, మిగతా మోడళ్ల సౌండ్‌ను సాఫ్ట్‌వేర్ సాయంతో అందులోనే పలికించారు. వినేవాళ్ల చేతికీ తలకూ తేడా తెలియదు. తీర్పు చెవిదే.

అలా తేలింది ఇది: మంచి గదిలో మంచి స్పీకర్లు పలికినట్టు పలికే హెడ్‌ఫోన్‌నే ఎక్కువమంది మెచ్చుకుంటారు. బేస్ కొంచెం ఎత్తుగా, మధ్యలో నిలకడగా, 3,000 హెర్ట్జ్ దగ్గర చెవి సహజంగా పెంచే మేరకు ఎత్తుగా ఉండే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గీత అది. విన్నవాళ్లలో దాదాపు 64 శాతం ఆ గీతకే ఓటేశారు. 15 శాతం ఇంకాస్త బేస్ కావాలన్నారు. 21 శాతం బేస్ తగ్గాలన్నారు. హర్మన్ చేతిలోనే ఉన్న ఏకేజీ సంస్థ 2019లో తెచ్చిన కే371 అనే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్‌ను ఈ గీతకు దగ్గరగా మలిచారు.

ఇంట్లో పెట్టగల పరీక్షలు

కృత్రిమ చెవులు, లక్షల ఖరీదు చేసే కొలత యంత్రాలు అందరికీ ఉండవు. తెలిసిన పాటలుంటే చాలావరకు పని జరిగిపోతుంది.

ఘంటసాల పాడిన పాత పాట ఒకటి తీసుకోండి. ‘మాయాబజార్’ విడుదలైన 1957లో తెలుగు సినిమా పాటలు మోనోలోనే రికార్డయ్యేవి. రెండు చెవుల్లోకీ ఒకే శబ్దం వెళ్తుంది కాబట్టి గొంతు తల మధ్యలో, రెండు కళ్ల నడుమ నిలబడినట్టు వినిపించాలి. అది ఎడమకో కుడికో జరిగితే రెండు డ్రైవర్లకూ పొత్తు కుదరలేదని అర్థం. లేదంటే ఒక వైపు ప్యాడ్ సరిగా ఆనలేదు. హెడ్‌ఫోన్‌ను కుడి ఎడమలు మార్చి పెట్టుకుంటే గుట్టు తెలుస్తుంది. గొంతు కూడా రెండో వైపుకు మారితే తప్పు హెడ్‌ఫోన్‌దో, రికార్డింగ్‌దో. మారకపోతే తలదో, చెవిదో. తర్వాతి కాలంలో స్టీరియోగా మార్చిన ప్రతులు ఇందుకు పనికిరావు, అసలు మోనో ప్రతే వెతుక్కోవాలి.

బేస్‌కు మృదంగం బాగా పనికొస్తుంది. ఎడమ మూత మీద పడే బరువైన నాదం గుండ్రంగా మొదలై సాగి ఆగాలి. ఏ దెబ్బ పడ్డా ఒకే రకం ‘దుమ్’ వినిపిస్తే హెడ్‌ఫోన్ తన సొంత బేస్ కలుపుతున్నట్టు. కుడి మూత మీద వేళ్ల తాకిడి దానికింద అణిగిపోకుండా విడిగా తెలియాలి. ‘నాటు నాటు’ లాంటి డప్పుల పాటలో బీట్ ఉరుముతున్నా మాటలు స్పష్టంగా అందుతున్నాయో లేదో చూడాలి.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష మనిషి మాట. ఇంట్లోవాళ్ల గొంతును దగ్గరగా రికార్డ్ చేసి వింటే ముక్కులోంచి మాట్లాడినట్టుందా, ‘శ, ష, స’లు చెవిని కోస్తున్నాయా అన్నది క్షణంలో తెలుస్తుంది. రోజూ వినే గొంతు విషయంలో చెవిని మోసం చేయడం కష్టం. హర్మన్ పరీక్షల్లో కూడా తేడాలను బాగా పట్టించిన వాటిలో, హోరులాంటి పింక్ నాయిస్‌తో పాటు ట్రేసీ చాప్‌మన్ పాడిన ‘ఫాస్ట్ కార్’ ఒకటి. తక్కువ వాయిద్యాలు, ముందుకు నిలబడే గొంతు దాని బలం.

రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉంచడం తప్పనిసరి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించినట్టు, సౌండ్ తగ్గినప్పుడు చెవికి బేస్ సరిగా అందదు. ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువ మోగిన హెడ్‌ఫోన్ నిండుగా అనిపిస్తుంది, మార్కులు కొట్టేస్తుంది. వార్తలు చదివే గొంతును రెండింట్లో ఒకే స్థాయికి తెచ్చుకుని, తర్వాత పాటలకు వెళ్లడం మంచిది.

సందులోంచి జారిపోయే బేస్

ఇప్పుడు అసలు విషయం. 50 హెర్ట్జ్ స్వరం తరంగం బయట గాలిలో దాదాపు 7 మీటర్ల పొడవుంటుంది. అంత పెద్ద తరంగం చిన్న కప్పులో ఎలా పడుతుంది? పట్టక్కర్లేదు. కప్పు, ప్యాడ్, తల కలిసి గాలిని బంధిస్తే డ్రైవర్ ఆ గాలిని నొక్కుతూ వదులుతూ ఉంటుంది. ఆ ఒత్తిడే చెవికి బేస్. ఎక్కడైనా సందు ఉంటే ఒత్తిడి బయటికి పోతుంది. ముందు పోయేది బేసే, ట్రెబుల్ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అందుకే అదే హెడ్‌ఫోన్ ఒకరికి గంభీరంగా, మరొకరికి రేకు డబ్బాలా వినిపిస్తుంది.

సందు ఎక్కడెక్కడ వస్తుందంటే: కళ్లజోడు కాడ చెవి మీదుగా వెళ్లే చోట, ఒత్తుగా ఉన్న జుట్టు పాయల కింద, దవడ వెనక పల్లంలో, చెవి దుద్దులు, బుట్టలు ప్యాడ్‌ను పైకి లేపే చోట. తెలుసుకోవడం తేలికే. బేస్ ఉన్న పాట పెట్టి రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా లోపలికి ఒత్తాలి. బేస్ ఒక్కసారిగా పెరిగితే మామూలుగా పెట్టుకున్నప్పుడు కారిపోతున్నట్టే. తర్వాత కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టి వినాలి. రోజంతా కళ్లజోడుతో పనిచేసే సౌండ్ ఇంజనీర్ కళ్లజోడు లేకుండా హెడ్‌ఫోన్ ఎంచుకుంటే, ఎంచుకున్నది ఒకటి, వాడేది మరొకటి అవుతుంది.

బరువు, బిగువు, ఉక్క

సౌకర్యం అనగానే అందరూ బరువు అడుగుతారు. సోనీ 230 గ్రాములు, డీటీ 770 ప్రో 270, ఎం50ఎక్స్ 285. తేడా యాభై అయిదు గ్రాములే. ఆ బరువు ఎక్కడ ఆనుతుందన్నది అంతకంటే ముఖ్యం. పైపట్టీ మెత్త సన్నగా ఉంటే భారమంతా నడినెత్తిన ఒక్క చోట పడి గంటకల్లా సలుపు మొదలవుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 బరువు 140 గ్రాములే. అది చెవి చుట్టూ కాకుండా చెవి మీదే ఆనుతుంది కాబట్టి, అంత తేలికైనదైనా కొందరికి చెవితమ్మెలు నొప్పెడతాయి.

తర్వాతది బిగువు. వదులుగా ఉంటే హాయి, కానీ సందులు వస్తాయి. బిగుతుగా ఉంటే బేస్ నిలుస్తుంది, బయటి చప్పుడు ఆగుతుంది, దవడలు మాత్రం నొస్తాయి. కొత్త హెడ్‌ఫోన్ మరీ బిగుతుగా ఉంటే, తలకన్నా కాస్త వెడల్పుగా పేర్చిన పుస్తకాలకు రాత్రంతా తగిలించి ఉంచడం స్టూడియోల్లో పాత చిట్కా. అతిగా సాగదీస్తే మాత్రం సౌండ్‌కే ఎసరు.

ప్యాడ్ లోతు కూడా చూసుకోవాలి. సోనీ ప్యాడ్లు పల్చన. పెద్ద చెవులవాళ్లకు చెవి అంచు లోపలి బట్టకు తగిలి రాసుకుంటుంది. డీటీ 770 ప్యాడ్లు గుండ్రంగా, లోతుగా ఉండి చెవిని తాకకుండా చుట్టుకుంటాయి. పైగా బట్ట కాబట్టి ఉక్క తక్కువ. మన వేసవిలో ఇది చిన్న లాభం కాదు. బట్ట కొంత గాలి వదులుతుంది, రెక్సిన్ వదలదు. అందువల్ల రెక్సిన్ బయటి చప్పుడును బాగా ఆపుతుంది, చెమట కూడా బాగా పట్టిస్తుంది. చెమట పట్టి హెడ్‌ఫోన్‌ను పక్కకు నెట్టే అలవాటున్నవాళ్లకు, కాస్త తక్కువ ఆపే బట్ట ప్యాడే ఆచరణలో ఎక్కువ ఆపుతుంది. ఎందుకంటే అది చెవి మీద ఉంటుంది.

చప్పుడు ఆపడం గురించి కంపెనీలు చెప్పే అంకెల్లోనూ తిరకాసు ఉంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో బయటి శబ్దాన్ని 32 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుందని కంపెనీ చెబుతుంది. ‘దాకా’ అన్న మాట గమనించాలి. మాటలు, పళ్లేల చప్పుడు, కీబోర్డు టకటకల వంటి పైస్థాయి శబ్దాలు బాగా ఆగుతాయి. జనరేటర్ గుర్రు, బస్సు ఇంజన్ మోత వంటి కిందిస్థాయివి చొచ్చుకొస్తాయి. బయటి చప్పుడు ఆగకపోతే వినేవాళ్లు వాల్యూమ్ పెంచుతారు, చెవులకు ముప్పు అక్కడే. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదని, అది 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయాన్ని సగానికి తగ్గించాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. ఆ లెక్కన 94 డెసిబెల్స్ దగ్గర దక్కేది ఒక్క గంటే.

కొనే ముందు, కొన్నాక

దుకాణంలో అయిదు నిమిషాల వినికిడి సౌండ్ గురించి కొంత చెబుతుంది, సౌకర్యం గురించి దాదాపు ఏమీ చెప్పదు. వెనక్కిచ్చే వెసులుబాటున్న చోట కొని, రోజూ పనిచేసే కుర్చీలోనే, అదే కళ్లజోడుతో, అదే ఉక్కలో రెండు గంటలు ఏకబిగిన పెట్టుకోవడం సరైన పరీక్ష. మొదట్లో విన్న మోనో పాటను చివర్లో మళ్లీ వినాలి. గొంతు మధ్యలోంచి జరిగినా, బేస్ పల్చబడినా హెడ్‌ఫోన్ ఈలోపు తల మీద జారిందన్నమాట. తుది మిక్స్ చేసేవాళ్లు స్పీకర్లలోనూ విని సరిచూసుకోవాలి. హెడ్‌ఫోన్‌లో ఎడమ శబ్దం ఎడమ చెవికే వెళ్తుంది కాబట్టి వాయిద్యాల మధ్య ఎడం ఉన్నదానికంటే ఎక్కువగా అనిపిస్తుంది.

ప్యాడ్లు అరిగిపోయే సరుకు అన్నది కూడా లెక్కలో ఉండాలి. సోనీ 7506 ప్యాడ్ల నల్లటి పొర కాలం గడిచేకొద్దీ పొట్టులా రాలి చెవులకు అంటుకోవడం దాన్ని వాడేవాళ్లందరికీ తెలిసిందే. పొర రాలకముందే లోపలి ఫోమ్ అణిగిపోతుంది, చెవి డ్రైవర్‌కు దగ్గరవుతుంది, అంచుల్లో సందులు పడతాయి. హెడ్‌ఫోన్ పాతబడిందనుకుని పారేసేవాళ్లకు చాలాసార్లు కావాల్సింది కొత్త ప్యాడ్ల జత మాత్రమే. చవగ్గా దొరికే వేరే కంపెనీ ప్యాడ్లు వేస్తే మాత్రం లోతు, మెత్తదనం, పైబట్ట మారి సౌండ్ మారిపోవచ్చు. వేసిన రోజే ఆ మృదంగాన్నీ, ఇంట్లోవాళ్ల గొంతునూ మరోసారి విని చూసుకోవాలి. తేడా తేలేది ముందు బేస్‌లో, ఆ తర్వాత ‘శ, ష, స’ల్లో.